విడాకుల తర్వాత మిగిలే వ్యాజ్యం

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడుస్తాడు అని మనవాళ్ళు అంటారు. గెలిచినవాడు ఎందుకు ఏడుస్తాడో ఆ సామెత చెప్పదు, చెప్పనక్కర లేదు కూడా. సంచి తడిమి చూసుకుని ఏడుస్తాడు. ఈ మాట ఏ వ్యాజ్యానికైనా వర్తిస్తుంది గాని విడాకుల వ్యాజ్యానికి వర్తించినంతగా మరి దేనికీ వర్తించదని నా అభిప్రాయం. డిక్రీ వెలువడిన నాడు భార్యాభర్తలు ఒకరికొకరు పరాయివారవుతారు. కాని ఇద్దరికీ చెరొక బంధం తెగకుండా మిగిలిపోతుంది. అది వకీలుతో ఉన్న బంధం. చివరి పద్దు తీరితే గాని అది తెగదు. ఆ పద్దు దగ్గర పేచీ వచ్చిందంటే, అసలు వ్యాజ్యం ముగిసిన చోటనే కొసరు వ్యాజ్యం మొదలవుతుంది.

ఈ కొసరు వ్యాజ్యానికి కూడా ఒక చరిత్ర ఉంది. కొంతకాలంగా తీరిక చిక్కినప్పుడల్లా దాని జాడలు వెదుకుతూ వస్తున్నాను. పాత తీర్పులు చదివే కొద్దీ నాకొక సంగతి స్పష్టమైంది. ఫీజు ఎంత అన్నది పైకి కనబడే ప్రశ్న మాత్రమే. దాని అడుగున రెండు ప్రశ్నలున్నాయి. చేతిలో డబ్బు లేని మనిషి తరఫున పోరాడడానికయ్యే ఖర్చు ఎవరి సంచిలోంచి రావాలి? ఆ ఖర్చు సబబైనదేనని రుజువు చేయవలసిన భారం ఎవరి మీద ఉండాలి? మొదటి ప్రశ్నకు ఇంగ్లండులోనే జవాబు దొరికింది. రెండవదానికి జవాబు దొరకడానికి దాదాపు మరో నూరేళ్ళు పట్టింది. మన దేశంలో ఆ రెండవ ప్రశ్న ఇప్పటికీ సగంలోనే ఆగి ఉంది.

1857కు ముందు ఇంగ్లండులో విడాకులు కావాలంటే మూడు గడపలు ఎక్కవలసి వచ్చేది. భార్యను లేవదీసుకుపోయినవాడి మీద నష్టపరిహారానికి దావా ఒకటి, మతన్యాయస్థానంలో వేరుకాపురానికి దావా ఇంకొకటి, ఆ పైన పార్లమెంటులో ఆ ఒక్క జంట కోసమే ఒక ప్రత్యేక చట్టం. మూడు చోట్లా న్యాయవాదులు, మూడు చోట్లా రుసుములు. 1700 మొదలు 1857 దాకా ఇలా విడాకులు పొందినవారు మూడు వందల పైచిలుకు మాత్రమే. వారిలో స్త్రీలు నలుగురే. 1845లో వార్విక్ పట్టణంలో రెండవ పెళ్ళి నేరం కింద ఒక పేదవాడు న్యాయమూర్తి మౌల్ ఎదుట నిలబడ్డాడు. భార్య తనను విడిచి వేరొకరితో వెళ్ళిపోయిందని అతడు మొరపెట్టుకున్నాడు. న్యాయమూర్తి అతనికి ఆ మూడు గడపల దారిని ఒక్కొక్కటిగా వివరించి, అందుకు వందల పౌన్లు ఖర్చవుతాయని చెప్పి, నీ దగ్గర అంత సొమ్ము లేకపోవడం చట్టం తప్పు కాదు, చట్టం ధనవంతుడికీ పేదవాడికీ ఒక్కటే కదా అని ముగించాడు. పైకి శిక్ష వేస్తున్న మాటల్లా ఉన్నా అది చట్టం మీద వేసిన చురక. విడాకుల చట్టం మారాలని వాదించినవారు ఆ మాటలను చాలాకాలం ఉదాహరించారు.

1857లో కొత్త చట్టం వచ్చి, మరుసటి ఏడు విడాకుల కోర్టు తెరుచుకున్నది. గడపలు మూడింటికి బదులు ఒకటయ్యాయి. అయినా ఒక చిక్కు మిగిలింది. అప్పటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ చరాస్తి యావత్తూ భర్తదే. పుట్టింటి నుంచి తెచ్చిన నగదు గాని, తన చేతులతో సంపాదించుకున్నది గాని ఆమెది కాదు. భర్త మీదనే దావా వేయవలసిన స్త్రీ తన వకీలుకు ఏం పెట్టి చెల్లించగలదు? అందుకని మతన్యాయస్థానాల నాటి పద్ధతినే కొత్త కోర్టు కొనసాగించింది. ఆమె ఖర్చులు భర్తే భరించాలి, అవసరమైతే ముందుగానే జామీను కట్టాలి. ఇది స్త్రీల మీద దయ అనుకుంటే పొరపాటు. ఆమె సంచి ఆయన దగ్గర ఉంది కనుక, దానిలోంచే తీసి ఇవ్వమన్నారు. అంతే.

ఆ సూత్రాన్ని ఎంత దూరం తీసుకువెళ్ళారో 1878 నాటి ఆటవే–హామిల్టన్ కేసు చూపుతుంది. విడాకుల కోర్టు లెక్కగట్టి భర్త చేత ఇప్పించిన ఖర్చులు భార్య తరఫు సొలిసిటరుకు చాలలేదు. మిగిలిన సొమ్ము కోసం ఆయన నేరుగా భర్త మీదనే దావా వేశాడు. భార్య తిండికీ బట్టకూ అంగడిలో అప్పు చేస్తే భర్త తీర్చవలసినట్టే, న్యాయం కోసం సబబుగా చేసిన ఖర్చును కూడా ఆయనే తీర్చాలని కోర్టు తేల్చింది. కాపురం పోయినా, తన మీద గెలిచిన వకీలు పద్దు మాత్రం ఆ భర్తను వదలలేదు!

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. సొలిసిటరు దావా వేయగలిగాడు గాని, కోర్టులో నిలబడి వాదించే బారిస్టరుకు ఆ హక్కు లేదు. బారిస్టరు ఫీజు కూలి కాదు, గౌరవంగా ఇచ్చే సంభావన. సంభావన తక్కువైందని పురోహితుడు దావా వేయగలడా? ఇదీ అంతే. ఈ నియమాన్ని గట్టిపరచినది 1863 నాటి కెనడీ–బ్రౌన్ కేసు. అది విడాకుల కేసు కాదు, వీలునామా తగాదా. పేషెన్స్ స్విన్‌ఫెన్ అనే వితంతువుకు పెద్ద ఎస్టేటును గెలిపించిన బారిస్టరు కెనడీ, తనకు ఆమె ఇరవై వేల పౌన్లు ఇస్తానని మాట ఇచ్చిందన్నాడు. జ్యూరీ ఆయన మాట నమ్మింది. పై న్యాయమూర్తులు మాత్రం, మాట ఇచ్చినా ఇవ్వకపోయినా అటువంటి ఒప్పందమే చెల్లదని కొట్టివేశారు. దావా వేసే హక్కు లేనివాడు ఏం చేస్తాడు? ముందే పుచ్చుకుంటాడు. 1990 దాకా ఇంగ్లండులో ఈ నియమం నిలిచింది.

1882లో ఇంగ్లండులో వివాహిత స్త్రీకి సొంత ఆస్తి హక్కు పూర్తిగా వచ్చింది. ఆమె సంచి ఆమెకు దక్కింది గనుక, ఆమె ఖర్చంతా ఆయనే పెట్టుకోవాలనడానికి ఉన్న పాత కారణం నానాటికీ బలహీనపడింది. అయితే హక్కు ఉన్నంత మాత్రాన సంచిలో డబ్బు ఉండదు కదా! అటువంటి స్త్రీకి వకీలు ఏమంటాడు? ఇప్పుడేమీ ఇవ్వనక్కర లేదమ్మా, వచ్చినదాంట్లో నాకు వాటా ఇవ్వు అంటాడు. అమెరికాలో ఇతర దావాలలో ఈ పద్ధతి స్థిరపడిపోయింది. విడాకులలో మాత్రం కోర్టులు దానిని ఒప్పుకోలేదు. 1886లో మిషిగన్ రాష్ట్ర సుప్రీంకోర్టు జోర్డన్–వెస్టర్మన్ కేసులో ఇటువంటి వాటా ఒప్పందం చెల్లదన్నది. కారణం ఆలోచించదగినది. విడాకులు వస్తేనే, భరణం పెరిగితేనే తనకు ఫీజు దక్కుతుందనుకున్న వకీలు, ఆ జంట మళ్ళీ కలుసుకోవాలని ఎందుకు కోరుకుంటాడు? ఇల్లు కాలితేనే తనకు కూలి అన్నవాడికి నీళ్ళబిందె ఇవ్వకూడదు. అమెరికన్ బార్ అసోసియేషన్ 1983లో రూపొందించిన ఆదర్శ నియమాలలో కూడా ఈ నిషేధం ఉంది.

వాటా వద్దన్నారు, బాగానే ఉంది. మరి మిగిలిన దారి గంటల లెక్క, ముందస్తు బయానా. అందులోని అన్యాయం బయటపడింది న్యూయార్కులో. 1992లో ఆ నగరపు వినియోగదారుల వ్యవహారాల శాఖ, మార్క్ గ్రీన్ కమిషనరుగా ఉండగా, విడాకుల కోర్టుల్లో స్త్రీల పాట్ల మీద ఒక నివేదిక ప్రచురించింది. వినియోగదారుల శాఖ ఏమిటి, విడాకులేమిటి అని ఆశ్చర్యం కలగవచ్చు. నివేదిక అన్నది అదే. వకీలును పెట్టుకున్న స్త్రీ కూడా ఒక సేవను కొనుక్కుంటున్నదే. అంగట్లో పప్పు కొన్నవారికి తూకం అడిగే హక్కు ఉన్నప్పుడు, ఈమెకెందుకు లేదు? దేనికి ఎంత పట్టిందో తెలియని బిల్లులు, తిరిగి ఇవ్వని బయానాలు, సొమ్ము అయిపోగానే కేసు నడిమధ్యలో వదిలిపెట్టడం, బాకీ తీరేదాకా కాగితాలు ఇవ్వకపోవడం, ఆఖరికి తలదాచుకునే ఇంటినే తనఖా రాయించుకోవడం వంటి ఫిర్యాదులు వెలుగులోకి వచ్చాయి.

దీని మీద న్యాయమూర్తి లియో మిలోనస్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1993లో నివేదిక ఇచ్చింది. ఆ రాష్ట్రానికి తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయిన జుడిత్ కే అదే ఏడాది కొత్త నియమాలను అమలులోకి తెచ్చారు. వాటిని ఒక్కసారి వరుసగా చూడండి. మొదటి సంప్రదింపులోనే కక్షిదారుకు తన హక్కుల పత్రం ఇవ్వాలి. ఒప్పందం మామూలు మాటల్లో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. అరవై రోజులకు ఒకసారైనా పద్దులవారీ బిల్లు పంపాలి. బయానా తిరిగి ఇవ్వననడం చెల్లదు. కోర్టు అనుమతి లేకుండా, అవతలి పక్షానికి తెలియజేయకుండా ఇంటిని తనఖా పెట్టించుకోరాదు. ఒకవేళ పెట్టించుకున్నా, ఆ మనిషి సొంతదారుగా అందులో నివసిస్తున్నంత కాలం వేలం వేయరాదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది చివరిది. ఫీజు మీద పేచీ వస్తే వకీలు తిన్నగా కోర్టుకు వెళ్ళడానికి వీల్లేదు. మధ్యవర్తుల ముందుకు వెళ్ళే హక్కు ఉందని ముందు కక్షిదారుకు తెలియజేయాలి. ఆమె ఆ దారి కోరితే వకీలు రాక తప్పదు. అక్కడ, ఈ ఫీజు సబబైనదేనని రుజువు చేయవలసిన భారం వకీలు మీదే ఉంటుంది. నేను మొదట చెప్పిన రెండవ ప్రశ్నకు జవాబు ఇదే. పని ఏం జరిగిందో తెలిసినది వకీలుకు. లెక్క రాసుకున్నదీ ఆయనే. కనుక చూపవలసినదీ ఆయనే. ఇంత చిన్న మాట చట్టంలోకి ఎక్కడానికి 1993 దాకా ఆగవలసి వచ్చింది. ఈ పద్ధతి మేలు చేసిందనడానికి నిదర్శనంగా 2002లో న్యూయార్కు దానిని ఇతర సివిలు వ్యవహారాలకు కూడా విస్తరించింది. వెయ్యి డాలర్ల నుంచి యాభై వేల డాలర్ల దాకా ఉన్న ఫీజు తగాదాలు అందులోకి వచ్చాయి.

కోర్టులు కూడా వెనకడుగు వేయలేదు. 1994లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూపర్‌మన్ అనే వకీలు వ్యవహారంలో, తిరిగి ఇవ్వని బయానా అనేదే నీతిబాహ్యమని తీర్పు చెప్పింది. వకీలు మీద నమ్మకం పోయిన క్షణాన అతనిని మార్చుకునే స్వేచ్ఛ కక్షిదారుకు ఉండాలి, పోయిన బయానా కాళ్ళకు బంధం కాకూడదు అన్నది దాని సారాంశం. 1999లో మరొక ప్రశ్న వచ్చింది. భార్య తరఫు ఫీజును భర్త ఇవ్వాలా వద్దా అని జరిగే విచారణకే బోలెడు ఖర్చవుతుంది కదా, ఆ ఖర్చు సంగతేమిటి? దానిని కూడా ఇప్పించే అధికారం కోర్టుకు ఉందని తేల్చారు. లేకపోతే డబ్బున్నవాడు ఫీజు విచారణనే సాగదీసి గెలుస్తాడు. చివరకు 2010లో చట్టాన్ని సవరించి, ఇద్దరిలో ఎక్కువ సొమ్ము ఉన్నవారే రెండవవారి వకీలు ఖర్చు భరించాలన్నదానిని మొదటి ఊహగా స్వీకరించారు. కాదన్నవారు ఎందుకు కాదో చెప్పుకోవాలి. భార్య, భర్త అన్న మాటలు పోయి, ఉన్నవారు, లేనివారు అన్న మాటలు మిగిలాయి. అమెరికాకు భర్త వీసా మీద ఆధారపడి వెళ్ళి, ఏళ్ళ తరబడి ఉద్యోగానికి అనుమతి లేకుండా ఉండిపోయిన మన తెలుగు ఆడపడుచులలో ఎవరికైనా ఇటువంటి అవసరం వస్తే, ఈ సవరణ విలువ తెలిసివస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. మనలో అనేక కులాలలో విడాకులు ఆచారంగా ఉండేవి. కులపెద్దల ముందు తేల్చుకునేవారు, తప్పు కట్టేవారు, వకీలు ప్రసక్తే లేదు. ఆచారం లేని హిందువులకు ఆంధ్ర జిల్లాలలో విడాకులు చట్టంగా వచ్చినది 1949 నాటి మద్రాసు చట్టంతో. ఆ పైన 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. దాని 24వ సెక్షను గురించి మనం గర్వించవచ్చు. వ్యాజ్యం నడుస్తుండగా, సొంత రాబడి చాలని పక్షానికి దావా ఖర్చులనూ నెలవారీ పోషణనూ రెండవ పక్షం చేత కోర్టు ఇప్పించవచ్చు. ఆ పక్షం భార్యే కానక్కర లేదు, భర్త కూడా కావచ్చు. న్యూయార్కు 2010లో చేరుకున్న చోటికి దగ్గరగా మనవాళ్ళు 1955లోనే నిలబడ్డారు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి చట్టంలో మాత్రం దావా ఖర్చుల ఊసు లేదు. పోషణ కూడా భర్త ఆదాయంలో అయిదోవంతుకు మించకూడదన్నారు. 2001లో ఆ హద్దును తీసివేసి, దావా ఖర్చులు అన్న మాటను చేర్చారు. వీలైనంతవరకు అరవై రోజుల్లో ఈ దరఖాస్తును తేల్చాలని రెండు చట్టాల్లోనూ రాశారు.

అంటే మొదటి ప్రశ్నకు మన జవాబు బాగానే ఉంది. రెండవదాని దగ్గరే మనం తడబడ్డాము. బారిస్టరు సంభావన సిద్ధాంతాన్ని మన దేశం 1926లోనే పక్కన పెట్టింది. ఆ ఏడాది వచ్చిన న్యాయవాదుల ఫీజుల చట్టం ప్రకారం వకీలు తన ఫీజును ఒప్పందం మీద స్థిరపరచుకోవచ్చు, రాకపోతే దావా వేయవచ్చు. ఆ చట్టంలోనే, వకీలు అజాగ్రత్త వల్ల నష్టపోయిన కక్షిదారు కూడా అతని మీద దావా వేయవచ్చునన్నారు. న్యాయమైన తూకం. కాని ఆ తూకం కాగితం మీదనే ఉండిపోయింది. పద్దులవారీ బిల్లు ఇమ్మని గట్టిగా చెప్పేవారు లేరు, రాతపూర్వక ఒప్పందం మన పట్టణాల్లో అరుదు. ఎంత అన్నది వకీలు నోటిమాట, ఎంత ఇచ్చామన్నది మన జ్ఞాపకం.

మా దగ్గరి బంధువు ఒకావిడకు కొన్నేళ్ళ కిందట విడాకుల డిక్రీ వచ్చింది. ముందు చెప్పిన ఫీజు అంతా చెల్లించింది. డిక్రీ వచ్చాక వకీలుగారు, భరణం ఇంత వస్తుందని నేను కూడా అనుకోలేదమ్మా అంటూ ఇంకొంత అడిగారు. అది చేతికి వచ్చేదాకా పెళ్ళి ఫోటోలతో సహా కాగితాలన్నీ ఆయన బీరువాలోనే ఉండిపోయాయి. ఆవిడ నగలు కుదువపెట్టి చెల్లించింది. రశీదు అడగడానికి భయపడింది. ఆయనతో పోట్లాడాలంటే మరో వకీలు కావాలి కదా అన్నది. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది.

అప్పటికే అది చట్టవిరుద్ధమని ఆవిడకు తెలియదు. 2000లో సుప్రీంకోర్టు, భోపాల్‌లోని ఒక సహకార బ్యాంకుకూ దాని పూర్వపు వకీలుకూ వచ్చిన తగాదాలో, ఫీజు బాకీ ఉన్నా కక్షిదారు కాగితాలను పట్టి ఉంచుకునే హక్కు వకీలుకు లేదని స్పష్టంగా చెప్పింది. బాకీ వసూలుకు దావా దారి ఉంది, కాగితాలు తాకట్టు వస్తువులు కావు. వచ్చిన సొమ్ములో వాటా అడగడం కూడా బార్ కౌన్సిలు నియమాల ప్రకారం తప్పు. 2017 డిసెంబరులో ఈ సంగతిని సుప్రీంకోర్టు ముందుకు తీసుకువెళ్ళినది తెలంగాణకు చెందిన ఒక స్త్రీయే. ఆమెది విడాకుల కేసు కాదు. 1998లో ప్రమాదంలో భర్త పోగా వచ్చిన నష్టపరిహారం. పది లక్షలు ఫీజుగా చెల్లించాక కూడా ఇంకో మూడు లక్షలకు చెక్కు రాయించుకున్నారని, అది చెల్లకపోతే క్రిమినలు కేసు పెట్టారని ఆమె మొర. రాబడిలో వాటాగా ఫీజు అడగడం ప్రజానీతికి విరుద్ధమని చెప్పి కోర్టు ఆ కేసును కొట్టివేసింది. ఫీజుల అదుపుకు చట్టం తీసుకురావడం గురించి ప్రభుత్వం ఆలోచించాలని కూడా అన్నది.

అయితే 2024 మే నెలలో వచ్చిన మరో తీర్పుతో ఒక తలుపు మూసుకున్నది. వకీలు సేవ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు తేల్చింది. న్యూయార్కులో సంస్కరణ ఏ శాఖ గడపలో మొదలయిందో, ఆ గడప మనకు మూతపడింది. వకీలు వృత్తి వ్యాపారం కాదన్న వాదనలో నిజం లేకపోలేదు. కాని వ్యాపారం కాదన్న మాట లెక్క చెప్పనక్కర లేదన్న మాటగా మారకూడదు. ఆలయ ధర్మకర్త కూడా వ్యాపారి కాడు, అయినా లెక్క చెబుతాడు కదా! ఇప్పుడు మిగిలినవి రెండు దారులు. నడవడి మీదైతే బార్ కౌన్సిలుకు ఫిర్యాదు, సొమ్ము మీదైతే మామూలు సివిలు కోర్టు. ఒక వ్యాజ్యంలో అలసిపోయి వచ్చిన మనిషికి రెండూ దూరాభారమే. తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో, రుజువు భారం వకీలు మీద పెట్టి తేల్చే మధ్యవర్తి వేదిక ఒకటి మనకు కావాలి. అది నిజాయితీగల వకీళ్ళకు కూడా మేలే. లెక్క చూపగలిగినవాడికి బాకీ త్వరగా వసూలవుతుంది.

ఆ వేదిక వచ్చేదాకా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వకాల్తా మీద సంతకం చేసే ముందే ఫీజు ఎంతో, అందులో ఏమేమి కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోవాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రశీదు పుచ్చుకోవాలి, కుదరకపోతే బ్యాంకు ద్వారానే చెల్లించాలి. అసలు కాగితాలు ఇంట్లో ఉంచుకుని నకళ్ళు ఇవ్వాలి. 24వ సెక్షను దరఖాస్తు వ్యాజ్యం ముగిశాక గుర్తొస్తే ప్రయోజనం లేదు, మొదట్లోనే వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది. చదువుకున్నవారికి కూడా ఈ సంగతి తెలియకపోవడం నేను చాలాసార్లు చూశాను.

మిత్రులలో ఎవరి ఇంట్లోనైనా తాతల నాటి ప్లీడరు గుమాస్తా చిట్టాలు గాని, ఫీజు రశీదులు గాని ఉంటే దయచేసి వాటిని పారేయకండి. ఏ కేసుకు ఎంత పుచ్చుకున్నారో, ఎవరికి ఎంత తగ్గించారో రాసి ఉన్న ఆ పుటలు మన కోర్టుల అసలు చరిత్ర. తీర్పులు అచ్చులో దొరుకుతాయి. ఆ తీర్పులకు ఎవరు ఎంత చెల్లించారన్నది మాత్రం ఆ చిట్టాల్లోనే దొరుకుతుంది.